నరికిన అడవిలో మిగిలిన కొమ్మారెమ్మను కాల్చే కాలం: ఆరెగాన్‌లో పడమటికీ తూర్పుకీ ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న – విల్లమెట్ వాసి

నమస్కారం. మేము ఆరెగాన్ రాష్ట్రంలో, విల్లమెట్ లోయకు పడమటి అంచున, కోస్ట్ రేంజ్ కొండలు మొదలయ్యే చోట ఉంటున్నాము. మా ఇంటి వెనుక కొండమీద ఉన్న డగ్లస్ ఫర్ తోటను దాని యజమానులు నిరుడు కొట్టించారు. దుంగలన్నీ లారీలకెక్కి వెళ్ళిపోయాయి. కొమ్మలు, చివరి ముక్కలు, విరిగిన మొద్దులు, అంటే ఇక్కడివారు స్లాష్ అని పిలిచేదంతా కొండమీదే మిగిలింది. దారి పక్కన చదునుగా ఉన్నచోట దానిని యంత్రాలతో పెద్ద కుప్పలుగా పోసి, ఒక్కొక్క కుప్ప నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పారు. పైన నిటారుగా ఉన్న వాలులో మాత్రం ఎక్కడిదక్కడే వదిలేశారు. నవంబరులో వానలు బాగా పట్టాక కుప్పలకు నిప్పు పెడతామని చెప్పారు.

మా బావమరిది కుటుంబం ఇదే రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాలకు తూర్పున ఉన్న బెండ్ పట్టణంలో ఉంటోంది. అక్కడ అటవీశాఖవారు పైన్ చెట్ల కింద నేలమీది చెత్తను వసంతకాలంలో కాలుస్తారని, కుప్పలను మాత్రం మంచు పడ్డాక కాలుస్తారని ఆయన చెబుతున్నారు. కారులో మూడు నాలుగు గంటల దూరం. అయినా కాలం ఇంత వేరుగా ఎందుకుంది? వాలులో ఒక పద్ధతి, చదునులో మరొక పద్ధతి ఎందుకు పాటిస్తున్నారు? ఆగస్టు ఎండలో ఒక్క పూటలో బూడిదయ్యేదానిని పట్టాలు కప్పి, వానల దాకా దాచి, అప్పుడు కాల్చడంలో ఉన్న తర్కం ఏమిటి?

నా భయం కూడా చెప్పాలి. 2022లో న్యూ మెక్సికోలో శీతకాలంలో కాల్చిన కుప్పల నుంచే వసంతంలో కార్చిచ్చు లేచిందని చదివాను. మా ఇంటి వెనుక కుప్పల విషయంలో అలాంటిది జరిగే అవకాశం ఎంత? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1 – దేవదారు

విల్లమెట్ వాసి గారికి నమస్కారం. నేను పశ్చిమ ఆరెగాన్‌లో కలప తోటల పనిలో ఉన్నాను. మీరు చివర అడిగిన న్యూ మెక్సికో సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది.

అక్కడ శాంతా ఫే జాతీయ అరణ్యంలో, సాంగ్రె దె క్రిస్తో పర్వతాల మీద, అడవిని పలుచన చేయగా వచ్చిన కొమ్మల కుప్పలను 2022 జనవరి చివరలో కాల్చారు. నేలమీద మంచు ఉంది, చలి ఉంది, కాల్చిన రోజున చూస్తే అంతా పద్ధతి ప్రకారమే ఉంది. ఆ తర్వాత మూడుసార్లు మంచు కురిసినా కుప్పల అడుగున నివురుగప్పిన నిప్పు చావలేదు. ఏప్రిల్ వచ్చేసరికి మంచు కరిగి, నేల ఎండి, ఆ ప్రాంతానికి ఏటా వచ్చే బలమైన వసంతకాలపు గాలులు మొదలయ్యాయి. ఆ నిప్పు కాఫ్ కాన్యన్ మంటగా బయటపడి, ఏప్రిల్ 6న మరొక నియంత్రిత దహనం చెయ్యిదాటి పుట్టిన హెర్మిట్స్ పీక్ మంటతో కలిసింది. రెండూ కలిసి 3,41,000 ఎకరాలకు పైగా కాల్చాయి. న్యూ మెక్సికో చరిత్రలో నమోదైన కార్చిచ్చుల్లో అదే అతిపెద్దది. ఆ మే నెలలో అమెరికా అటవీ సేవా సంస్థ దేశమంతటా తన నియంత్రిత దహనాలను 90 రోజులపాటు నిలిపివేసి, పద్ధతులన్నిటినీ తిరిగి పరిశీలించుకోవలసి వచ్చింది.

కాల్చే రోజున గాలి, తేమ, ఎండ ఎలా ఉన్నాయన్నది ప్రతి ప్రాంతంలోనూ చూస్తారు. కానీ ఒక ప్రాంతంలో ఏ నెలలో కాల్చవచ్చునో తేల్చేది, ఆ రోజు తర్వాత వచ్చే మూడు నాలుగు నెలల వాతావరణం. న్యూ మెక్సికోలో జనవరి తర్వాత వచ్చేది ఎండు వసంతం. వానలు జూలై దాకా రావు. మీ ఇంటి దగ్గర నవంబరు తర్వాత వచ్చేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వానలు. పసిఫిక్ మహాసముద్రం మీదినుంచి ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే తుపానుగాలులు కోస్ట్ రేంజ్‌ను ఎక్కుతూ తేమనంతా అక్కడే కుమ్మరిస్తాయి. ఆ శిఖరాల మీద ఏడాదికి 100 అంగుళాలకు మించి వాన పడే చోట్లున్నాయి. లోయలోని పోర్ట్‌లండ్, సేలం ప్రాంతాల్లో 40 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. కాస్కేడ్ పర్వతాలు దాటి వాననీడలో ఉన్న బెండ్‌కు వెళ్ళేసరికి అది సుమారు 12 అంగుళాలకు పడిపోతుంది. పడమట ఈ వానలో అధికభాగం అక్టోబరు నుంచి మే లోపలే పడుతుంది. కనుక నవంబరులో మీ కొండమీద పెట్టిన నిప్పు మీద ఆపైన నెలల తరబడి నీళ్ళు పడుతూనే ఉంటాయి. మీ భయానికి నా జవాబు ఇదే: అవకాశం బొత్తిగా లేదని అనను, కానీ న్యూ మెక్సికోలో ఆ నిప్పును బతికించిన కారణాలు మీ కొండకు లేవు.

ఇక పట్టా సంగతి. నిప్పు శాస్త్రంలో ఎండిన కలపను లావును బట్టి నాలుగు తరగతులు చేస్తారు. పావు అంగుళంలోపు పుల్లలు చుట్టూ ఉన్న గాలి తేమకు ఇంచుమించు ఒక గంటలో స్పందిస్తాయి. అంగుళందాకా ఉన్నవి పది గంటల్లో. మూడు అంగుళాలదాకా ఉన్నవి వంద గంటల్లో. మూడు నుంచి ఎనిమిది అంగుళాల దుంగలు వెయ్యి గంటల్లో, అంటే నెలన్నర దగ్గర. మన పని సాఫీగా సాగాలంటే సన్నపుల్ల ఎండి ఉండాలి, నేలా చుట్టూ ఉన్న అడవీ తడిసి ఉండాలి. ఈ రెండూ ప్రకృతిలో ఒకే రోజున దొరకడం పశ్చిమ ఆరెగాన్‌లో అరుదు: సన్నపుల్ల ఎండితే అడవీ ఎండుతుంది, అడవి తడిస్తే సన్నపుల్లా తడుస్తుంది. వేసవి చివరలో కుప్ప నడినెత్తిన పట్టా కప్పితే లోపలి గుండె మాత్రం పొడిగా నిలిచిపోతుంది. నవంబరు వానలో చుట్టుపక్కల నిప్పురవ్వ పడినా అంటుకోని స్థితిలో, ఆ పొడి గుండెకు నిప్పంటిస్తే కుప్ప అంతా లోపలినుంచి బయటికి కాలుతుంది. తడి కుప్పను డీజిల్ పోసి బలవంతంగా కాల్చడం కన్నా ఇది ఎంతో తక్కువ పొగతో ముగుస్తుంది. అందుకే పట్టా కప్పించిన యజమానిని నేను మంచి యజమాని అంటాను.

ఆగస్టులో ఎందుకు కాల్చరన్నదానికి ఈ ప్రాంతపు చరిత్రే సమాధానం. ఇక్కడ వానలు ఎక్కువన్న మాట నిజమే కానీ, అవి మన రుతుపవనాల వానలకు తలకిందులుగా వస్తాయి. జూలై, ఆగస్టు నెలలు రెండూ కలిపినా లోయలో రెండు అంగుళాల వాన దాటడం అరుదు. ఆగస్టు చివరినుంచి అక్టోబరు దాకా, తూర్పునున్న ఎత్తైన ఎండు పీఠభూమినుంచి కాస్కేడ్ కనుమలగుండా పడమటికి దిగే తూర్పుగాలి అప్పుడప్పుడు వస్తుంది. అది కిందికి దిగేకొద్దీ వేడెక్కి, మరింత పొడిబారుతుంది. 1933 ఆగస్టు 14న మీకు ఉత్తరాన గేల్స్ క్రీక్ దగ్గర కలప కొడుతున్న చోట పుట్టిన మంట మొదటి పదిరోజులు ఒక మోస్తరుగానే ఉండి, తూర్పుగాలి తగలగానే ఒక్క రోజు తిరగకుండా దాదాపు రెండు లక్షల ఎకరాలను చుట్టేసింది. టిల్లమూక్ బర్న్ అని పిలిచే ఆ ప్రాంతం 1939, 1945, 1951లలో మళ్ళీ మళ్ళీ కాలింది. అంతకుముందు 1902లో వాషింగ్టన్ రాష్ట్రపు దక్షిణ అంచున యకోల్ట్ మంట కూడా సెప్టెంబరు నెలలో, ఎండు తూర్పుగాలిలో చెలరేగినదే. అందులో 38 మంది చనిపోయారు. మన కళ్ళముందే 2020 సెప్టెంబరు మొదటివారంలో వచ్చిన తూర్పుగాలికి ఆరెగాన్‌లో పది లక్షల ఎకరాలకు పైగా తగలబడింది. ఈ గాలి ఏ ఏడు ఎప్పుడు వస్తుందో నెల ముందు చెప్పగలవారు లేరు. వేసవిలో అంటించిన కుప్ప ఆ గాలి వచ్చేనాటికి ఇంకా కుమ్ములా ఉంటుంది. అందుకని చిక్కటి వానలు రెండు మూడు పడి, అడవినేల తడిసిందని నిర్ధారణ అయ్యేదాకా ఇక్కడ అగ్గిపుల్ల గియ్యము.

బెండ్ వైపు లెక్క వేరు. అక్కడి పాండరోసా పైన్ అడవులు సహజంగానే కొద్ది ఏళ్ళకొకసారి నేలమీద పాకే చిన్న మంటతో కాలుతూ బతికినవి. దళసరి బెరడు ఆ మంటను ఓర్చుకుంటుంది. అక్కడ శరదృతువులో వానలు వచ్చినా పలుచగా, ఆలస్యంగా వస్తాయి. ఎండకూ మంచుకూ నడుమ దొరికే సమయం చిన్నది, నమ్మదగనిది. వసంతంలో మంచు కరిగాక పైనున్న పైన్ సూదులు కొద్దిరోజుల్లో ఎండుతాయి కానీ, లావు మొద్దులు, నేలమీద పేరుకున్న ఆకుకుళ్ళు పొర ఇంకా తడిగానే ఉంటాయి. అప్పుడు పెట్టిన నిప్పు పైపైన పాకి ఆరిపోతుంది. వసంతం తర్వాత వేసవి వస్తుంది కదా, మరి నేను పైన చెప్పిన సూత్రం ఏమైందని మీరు అడగవచ్చు. అందుకే అక్కడ వసంతంలో కాల్చేది కుమ్ములా మిగలని పలుచటి సరుకును మాత్రమే; వారాల తరబడి రగిలే పెద్ద కుప్పలను మంచుకాలానికి వాయిదా వేస్తారు. మంచు కింద కుప్ప కాల్చినా, వసంతంలో మళ్ళీ వెళ్ళి ఒక్కొక్కటీ చూడాలన్న పట్టుదల తూర్పున ఉండవలసినంతగా పడమట అవసరం పడదు. కాఫ్ కాన్యన్ నేర్పింది అదే.

జవాబు 2 – ఉత్తరగాలి

నేను కెనడాలో, బ్రిటిష్ కొలంబియా లోపలి భాగంలో ఉంటాను. దేవదారు గారు వాతావరణం గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, నేల వాలు సంగతి కొంత చేరుస్తాను. నా దృష్టిలో, కాల్చడానికి ఏ నెల పనికివస్తుందో వాతావరణం చెబితే, ఏ పద్ధతి పనికివస్తుందో కొండే చెబుతుంది.

కొమ్మలను కుప్ప వెయ్యాలంటే యంత్రం వాటి దగ్గరికి వెళ్ళగలగాలి. మామూలు యంత్రాలకు 35 శాతం వాలు (వంద అడుగుల దూరానికి 35 అడుగుల ఎత్తు) దాటితే పని ప్రమాదం. నేల కూడా చెదిరిపోతుంది. ఈమధ్య తాడుతో పైనుంచి కట్టి దించే యంత్రాలు అంతకన్నా నిటారు వాలులో కూడా పనిచేస్తున్నాయి కానీ, అవి అన్నిచోట్లా లేవు. నిటారు కొండలమీద దుంగలను ఇనుపతాళ్ళమీద గాలిలో పైకి లాగుతారు కనుక, కొమ్మలు కొట్టినచోటే పరుచుకుని ఉంటాయి. వాటిని వదిలించుకోవాలంటే ఉన్నచోటే మొత్తం కొండచరియను కాల్చాలి. 1980ల దాకా కాస్కేడ్ పడమటి వాలులమీద ఇది సర్వసాధారణంగా జరిగేది. హెలికాప్టర్‌కు వేలాడదీసిన హెలిటార్చ్‌తో, అంటే మండే ఇంధనాన్ని కిందికి వదిలే పరికరంతో, మంట జారవిడిచేవారు. తరువాత పొగమీద ఆంక్షలు, ప్రభుత్వ అడవుల్లో నరుకుడు తగ్గడం, ఖర్చు, చెయ్యిదాటుతుందన్న భయం అన్నీ కలిసి దానిని బాగా తగ్గించాయి. మీ వెనుక కొండమీద పైభాగాన్ని వదిలేశారంటే, దానిని కాల్చకుండా మొక్కలు నాటుతారని ఊహించవచ్చు.

వాలులో నిప్పు ఎందుకు అంత ప్రమాదకరమంటే, మంట పైకి వంగి తన ముందున్న కొమ్మలను ముందే వేడెక్కించి ఎండబెడుతుంది. ఆస్ట్రేలియావారు వాడే మోటు లెక్క ప్రకారం, ఎగువకు పాకే మంట ప్రతి పది డిగ్రీల వాలుకూ రెట్టింపు వేగం పుంజుకుంటుంది. అంటే ఇరవై డిగ్రీల వాలులో చదునుమీదికన్నా నాలుగు రెట్లు. అందుకే కొండచరియను కాల్చేటప్పుడు కిందినుంచి ఎన్నడూ అంటించరు. ముందు శిఖరం అంచున సన్నటి పట్టీ కాల్చి, అది బూడిదయ్యాక దానికి కొద్దిగా కింద మరొక పట్టీ, ఇలా మెట్లుమెట్లుగా కిందికి దిగుతారు. ఏ పట్టీ మంటా పైనున్న బూడిదదాకా మాత్రమే పరుగెత్తగలదు. దొర్లే మొద్దులు మరొక సమస్య: నిప్పంటుకున్న దుంగ కాలువలోకో, మంటను ఆపడానికి చెక్కిన హద్దు అవతలికో దొర్లిందంటే కింద కొత్త మంట పుడుతుంది. వాలు ఏ దిక్కుకు ముఖం పెట్టిందన్నది కూడా చూస్తారు. దక్షిణ ముఖంగా ఉన్న వాలు ఎండకు ముందు ఎండుతుంది, ఉత్తర ముఖంగా ఉన్నది వారాల తరబడి తడిగా ఉంటుంది. వసంతంలో దక్షిణవాలును కాల్చేటప్పుడు శిఖరానికి అవతల ఉత్తరవాలుమీద మంచు నిలిచి ఉంటే, అంతకన్నా నమ్మకమైన కాపలా వేరే ఉండదు.

పొగ గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ మేము తేదీలు నిర్ణయించేది నిప్పుకోసం కన్నా పొగకోసం. పగలు కొండవాలు వేడెక్కి గాలి పైకి వీస్తుంది, రాత్రి చల్లబడి కిందికి జారుతుంది. పగలు ఆకాశంలోకి వెళ్ళిన పొగ మనకు కనబడుతుంది. చీకటి పడ్డాక కుమ్ములోంచి వచ్చే చల్లటి పొగ గాలితోపాటు వాగులవెంట జారి, ఊళ్ళున్న లోయ అడుగుకు చేరుతుంది. శీతకాలంలో మా లోపలి లోయల్లో చల్లగాలి కింద, వెచ్చగాలి పైన మూతలా నిలిచే ఉష్ణోగ్రతా విలోమం రోజుల తరబడి కదలదు. నిప్పు చెయ్యిదాటే ప్రమాదం అతి తక్కువగా ఉన్న ఆ రోజుల్లోనే పొగ ఊరి గొంతుమీద కూర్చుంటుంది. కాబట్టి ఇక్కడ ప్రతిరోజూ వెంటింగ్ ఇండెక్స్ అని 0 నుంచి 100 దాకా ఒక అంకె ప్రకటిస్తారు. 55కు పైన ఉంటే పొగ బాగా పైకెక్కి చెదిరిపోతుందని, 34కు తక్కువైతే కిందే ఉండిపోతుందని అర్థం. 2019లో వచ్చిన మా నిబంధన ప్రకారం ఊళ్ళ దగ్గర కాల్చాలంటే ఆ రోజే కాదు, మరుసటి రోజు అంచనా కూడా చూసుకోవాలి. మీ ఆరెగాన్ 1972 నుంచే ఇలాంటి పొగ నియంత్రణ పథకం నడుపుతోంది. అక్కడి అటవీశాఖ వాతావరణ నిపుణులు ఏ రోజు ఏ దిక్కున ఎంత కాల్చవచ్చో రోజూ చెబుతారు. పశ్చిమాన మీకున్న అదృష్టమేమిటంటే, నవంబరు వానలు తెచ్చే గాలులే పొగనూ చెదరగొడతాయి. గాలీవానా లేని నిశ్చలమైన చలి రోజునే మీ లోయలో కాల్చకూడదు.

చదునునేల అయితే చిక్కు లేదని మాత్రం అనుకోవద్దు. ఫ్లోరిడా, జార్జియా వైపు పైన్ అడవులు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. అక్కడ రాత్రిపూట పొగ పల్లపు నేలల్లోకి చేరి, తేమగాలితో కలిసి, చెయ్యిచాస్తే చెయ్యి కనబడనంత దట్టమైన పొగమంచుగా మారుతుంది. 2008 జనవరిలో ఫ్లోరిడాలోని నాలుగో నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద అలాంటి పొగమంచులో పదులకొద్దీ వాహనాలు గుద్దుకుని ప్రాణాలు పోయాయి. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు తెల్లవారుజామున ప్రయాణించేటప్పుడు దగ్గరలో అడవి కాలుస్తున్నారన్న హెచ్చరిక బోర్డు చూస్తే, దానిని తేలిగ్గా తీసుకోవద్దని కోరుతున్నాను.

మళ్ళీ ప్రశ్న – విల్లమెట్ వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాసినందుకు ఋణపడి ఉంటాను. ఒక్క సందేహం మిగిలింది. పై వాలులో కాల్చకుండా వదిలేసిన కొమ్మలు అలాగే కుళ్ళి నేలలో కలుస్తాయి కదా. మరి కింద కుప్పలను కూడా అలాగే వదిలేస్తే నేలకు మేలు కాదా? కాల్చినచోట నేల చచ్చిపోతుందని ఇక్కడ కొందరు గట్టిగా వాదిస్తున్నారు.

జవాబు 3 – భూసారం

నేను నేలల మీద పనిచేస్తాను కనుక ఈ భాగానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. వారి వాదనలో కొంత నిజముంది. నత్రజని 200 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆవిరిగా పోవడం మొదలవుతుంది. లావు దుంగలున్న కుప్ప కింద అంతకన్నా చాలా ఎక్కువ వేడి గంటల తరబడి ఉంటుంది. కుప్ప ఉన్నచోట విత్తనాలు, వేళ్ళు, వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రాలు చనిపోతాయి. ఆ గుండ్రటి మచ్చ చాలా ఏళ్ళు కనబడుతుంది. అయితే తడినేలలో నీరంతా ఆవిరయ్యేదాకా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నవంబరు తడినేలకూ ఆగస్టు ఎండునేలకూ జరిగే నష్టంలో తేడా అందుకే వస్తుంది. కుప్పల్లో మట్టి కలవకుండా పోస్తే మంట త్వరగా ముగుస్తుంది. మట్టి కలిసిన కుప్ప వారాలపాటు పొగలు కక్కుతూ కుములుతుంది, అదే నేలకూ ఊపిరితిత్తులకూ చేటు.

వదిలేయడం మంచిదా కాదా అన్నది మళ్ళీ ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. పడమటి తడిలో సూదులు రాలిపోయి, సన్నకొమ్మలు నేలకు అణిగి, కొన్నేళ్ళకే మంట వేగంగా పాకే గుణం తగ్గుతుంది. నీడ కమ్మిన పెద్ద మొద్దులు నీటిని పట్టి ఉంచుతాయి, పుట్టగొడుగులకూ పురుగులకూ నెలవవుతాయి. పైగా ఆ అడవులు సహజంగా వందల ఏళ్ళకొకసారి మాత్రమే కాలేవి. కనుక పరుచుకున్న కొమ్మలను కాల్చి తీరాలన్న వాదన పడమట బలహీనమైనదని నా అభిప్రాయం. తూర్పున కుళ్ళించే తేమ లేదు. అక్కడ కొమ్మారెమ్మ పదుల ఏళ్ళపాటు ఎండుగానే పడి ఉంటుంది, పిడుగులు ఏటా పడతాయి, పక్కనే ఊళ్ళుంటాయి. తూర్పున ఏదో ఒకటి చెయ్యక తప్పదు.

మీ కింది కుప్పలు మాత్రం వేరే సంగతి. అవి దారి పక్కన, మనుషులు తిరిగేచోట, ఎండినప్పుడు భయంకరంగా మండేంత దట్టంగా ఉన్నాయి. వాటిని యంత్రంతో చిన్న ముక్కలుగా కొట్టి విద్యుత్ కేంద్రానికో, పేపరు మిల్లుకో పంపడం అన్నిటికన్నా మంచిది. లారీ చేరగలిగితే, కొనేవారు దగ్గరలో ఉంటే. రెండూ లేనిచోట తడికాలంలో శుభ్రంగా కాల్చడమే తక్కువ చెడు. ఇంకొక చిన్న సంగతి: కాస్కేడ్ వాలుల్లో కాల్చినచోట సియనోథస్ జాతి పొద ఒకటి దట్టంగా మొలుస్తుంది. దాని విత్తనాలు నేలలో దశాబ్దాలపాటు నిద్రపోయి, నిప్పువేడి తగిలాకే మొలకెత్తుతాయి. అది చిన్న మొక్కలకు పోటీయే అయినా, పోయిన నత్రజనిని వేళ్ళద్వారా నేలకు తిరిగి చేరుస్తుంది.

జవాబు 4 – టేకువనం

నేను ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ చర్చ చదువుతుంటే మా పాత పద్ధతి గుర్తుకొచ్చి రాస్తున్నాను, పోల్చుకోవడానికి పనికివస్తుందని.

టేకు తోట వేయదలచిన చోట చెట్లు కొట్టి, కలప, వంటచెరకు తరలించాక మిగిలిన చెత్తను ఎండాకాలం చివరలో, ఏప్రిల్, మే నెలల్లో కాల్చి, మృగశిర కార్తెలో వానలు పడగానే టేకు స్టంపులు (వేరుతో పొట్టిగా కత్తిరించిన నారు ముక్కలు) నాటడం ఆనాటి పద్ధతి. పైకి చూస్తే ఇది ఆరెగాన్ సూత్రానికి పూర్తిగా వ్యతిరేకం: ఎండలు మండేకాలంలో కాల్చడం! కానీ దేవదారు గారు చెప్పిన కొలతతో చూడండి. మే నెల తర్వాత మాకు వచ్చేది నాలుగు నెలల నైరుతి రుతుపవనం. మిగిలిన నిప్పు ఏదైనా జూన్ వానలకు చల్లారుతుంది, బూడిద మొక్కలకు అందుతుంది. అదే పని నవంబరులో చేస్తే ఎదురుగా ఉండేది ఆరేడు నెలల ఎండుకాలం, అందులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాలే టేకాకు.

ఇందులో ప్రమాదం లేదని అనడం లేదు. కాల్చే రోజులు చుట్టుపక్కల అడవి అతి ఎండుగా ఉండే రోజులే. రోహిణి కార్తెకు ముందువెనుకల సాయంత్రాలు గాలిదుమారం ఎప్పుడు లేస్తుందో తెలియదు. అందుకని ముందు చుట్టూ వెడల్పుగా ఫైర్ లైన్, అంటే మండేదేమీ లేని ఖాళీ పట్టీ, చెక్కించి, గాలి పడిపోయిన వేళ చూసి అంటించి, మనుషులను కాపలా పెట్టేవారం. అయితే మాకు రెండు అనుకూలాలు ఉండేవి. వంటచెరకు కోసం చుట్టుపక్కల పల్లెలవారు చెయ్యిలావు కొమ్మను కూడా వదలరు కాబట్టి, నెలల తరబడి కుమిలే లావు సరుకు నేలమీద మిగిలేది కాదు. నేలకూడా చాలాచోట్ల మెల్లని వాలే, నిటారు కొండలు తక్కువ. ఇలా ఎండలో కాల్చే మా పద్ధతిని మీ కొండమీదికి తెచ్చినా, మీ పట్టా కప్పే పద్ధతిని మా అడవికి తెచ్చినా అగ్నిప్రమాదమే తప్ప ప్రయోజనం ఉండదు.

జవాబు 5 – దేవదారు

టేకువనం గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. మన ప్రాంతపు అనుభవం ఈ చర్చకు చాలా అవసరం.

విల్లమెట్ వాసి గారూ, మీ ఇంటికి సంబంధించి చెయ్యదగినవి చెబుతాను. ఆ యజమానులు కాల్చడానికి ముందు అటవీశాఖలో నమోదు చేసుకుని, ఆ రోజు పొగ అనుమతి చూసుకోవాలి. ఎప్పుడు కాల్చబోతున్నారో మీకు ముందుగా చెప్పమని మర్యాదగా అడగండి, చాలామంది చెబుతారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు గానీ, పసిపిల్లలు గానీ ఉంటే ఆ రాత్రి కిటికీలు మూసి ఉంచండి, ఎందుకంటే ఉత్తరగాలి గారు చెప్పినట్టు కిందికి దిగేది రాత్రి పొగే. కాల్చిన రెండు మూడు వారాల తర్వాత కూడా కుప్పలు పొగలు వేస్తుంటే కంగారు పడవద్దు, వానలు పడుతున్నంతకాలం అది మామూలే. మీరు నిజంగా పట్టుబట్టి అడగవలసింది మాత్రం మరొకటి ఉంది: వసంతం చివర, ఎండలు ముదరకముందే, వారి మనిషి ఎవరైనా వచ్చి ప్రతి కుప్ప బూడిదనూ అడుగుదాకా తవ్వి, వేడి తగులుతుందేమో చేతి వెనుకభాగంతో చూడాలి. ఎక్కడైనా వెచ్చగా తగిలితే అక్కడ నీళ్ళు పోసి, మట్టి కలిపి, మళ్ళీ చూడాలి. పడమట ఇది చాలామంది అక్కరలేదని వదిలేస్తారు. వానలు తక్కువగా పడిన శీతకాలం వస్తే మాత్రం వదలడానికి వీల్లేదు; అలాంటి ఏడాది అయితే ఏప్రిల్‌లోనే వారికి ఫోన్ చేయండి.